మా ఆడపడుచు, ప్రపంచ పాలన

మా ఆడపడుచు ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే నాకు చెమటలు పట్టేవి. డాక్టరు చదువైతే చెప్పొచ్చు, లెక్కల చదువైతే చెప్పొచ్చు. "ప్రపంచ, బహుళస్థాయి పాలన" అనేసరికి నాలుక మెలిపడేది. విన్నవాళ్ళు "ఓహో" అని, కాసేపాగి, "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?" అనేవాళ్ళు. ఏమొస్తుందో నాకేం తెలుసు, బట్టలు కుట్టుకునేదాన్ని! మా ఆయన మాత్రం చెల్లెలికి 'ప్రపంచం' అని పేరు పెట్టేశారు. "ప్రపంచం లేచిందా? ప్రపంచం పళ్ళు తోముకుందా?" అంటూ పొద్దున్నే మొదలెట్టేవారు. చూస్తుండగానే వీధి వీధంతా అదే పిలుపైపోయింది.

ఇప్పుడిదంతా చెబుతుంటే నవ్వూ రావట్లేదు, ఏడుపూ రావట్లేదు. కాస్త కోపం మిగిలింది నాలో. ఈమధ్య అదీ సన్నగిల్లింది. అది పూర్తిగా పోయేలోపు చెప్పేస్తాను.

ఆ పిల్ల మొదట్నుంచీ పుస్తకాల పురుగేం కాదు. నగర కార్యాలయంలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసేది. చిన్న అద్దాల గది, చెవులకి తగిలించుకునే ఫోను, రోజంతా ఒకటే పాట: "అది మా పరిధిలోకి రాదండీ, పైవాళ్ళని అడగండి." ఒకసారి ఎవరో ముసలాయన, "అమ్మా, పైవాళ్ళని అడిగాకే మీకు చేశాను. వాళ్ళు మిమ్మల్ని అడగమన్నారు" అని, తిట్టకుండా, కేక వెయ్యకుండా, మెల్లిగా ఫోను పెట్టేశాట్ట. ఆ పూట ఇది ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు.

"వదినా, అసలు ఎవరిదో తెలుసుకోవాలి" అంది.

"ఏది ఎవరిది?" అన్నాను.

"ప్రతీదీ."

అలా ముప్ఫై దాటాక ఉద్యోగం వదిలేసి యూనివర్సిటీలో చేరింది. పెళ్ళి మాటెత్తితే, "ఆ నిర్ణయం ఏ స్థాయిలో తీసుకోవాలో ఇంకా పాఠం రాలేదు" అని నా నోరు మూయించేది.

మా ఇల్లంటే రెండు గదులు. ముందు గదిలో నా కుట్టు మిషను, బట్ట కత్తిరించే పొడుగాటి బల్ల. బల్లకి ఈ చివర నేను, ఆ చివర అది. నా గోధుమరంగు కాగితం మీదే పెద్ద బొమ్మ గీసుకుంది. ఐదంతస్తుల మేడలాంటి బొమ్మ. పైన దేశదేశాల సంస్థలు, వాటి కింద దేశం, దాని కింద రాష్ట్రం, తర్వాత నగరం, అడుగున పేట. ఆ కాగితం వెనకవైపు నేను చూసుకోకుండా చొక్కా కాలరు కొలత గీసేస్తే, పోట్లాడుకోకుండా చెరో పక్కా వాడుకున్నాం. వదినా మరదళ్ళం అంత సఖ్యంగా ఉన్నామంటే మీరే అర్థం చేసుకోండి, అది ఎంత మంచిదో.

దాని చదువంతా ఒక్క మాటలో చెప్పమంటే ఇలా చెప్పేది: "ఏ విషయమైనా, దానికి అందరికంటే దగ్గరున్నవాళ్ళే తేల్చుకోవాలి వదినా. వాళ్ళ వల్ల కాకపోతేనే పైకి వెళ్ళాలి." వినడానికి ఎంత బాగుందో! నాకూ నచ్చింది. కాదనను.

ఇక అసలు సంగతి. మా ఆయనకి మూత్రపిండాలు పోయాయి. రోజు విడిచి రోజు మెషీను మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. మా పేట ఆరోగ్య కేంద్రంలో వెనక గదిలో రెండు డయాలిసిస్ మెషీన్లుండేవి. ఇంటి నుంచి వీధి మలుపు తిరిగితే కేంద్రం. ఆయన చెప్పులేసుకుని, పేపరు చంకలో పెట్టుకుని, నడిచి వెళ్ళి నడిచి వచ్చేవారు. సాయంత్రానికి లేచి కూర్చుని నాకు గుండీలు కూడా కుట్టిపెట్టేవారు. ఆ గది ఉంది కాబట్టి ఆయన మనిషిలా ఉన్నారు.

ఆ గది ఎవరిదయ్యా అంటే ఎవరిదీ కాదు. మెషీన్లు ఏదో విదేశీ సంస్థ ఇచ్చింది. వాటి బాగోగులు రాష్ట్రం చూడాలి. నర్సు జీతం నగరం ఇవ్వాలి. గది పేటది. ఏటా గడువు తీరేది, ఏటా ఎవరో పైన "ఇంకో ఏడాది కానివ్వండి" అనేవారు. మెషీను చూసే నర్సమ్మ గాలి పీల్చుకునేది. అంతే వ్యవహారం.

మన ప్రపంచానికి ఇది నచ్చలేదు. "ఏటా దయాదాక్షిణ్యాల మీద ఎంతకాలం? ఎవరో ఎక్కడో కూర్చుని అన్నయ్య ప్రాణం సంగతి తేల్చడమేంటి?" అంది. తన పరిశోధనకి అదే గదిని తీసుకుంది. దాని ప్రొఫెసర్ నగర ఆరోగ్య సలహా కమిటీలో ఉన్నాడు. ఇది ఆయన వెంటపడింది, కమిటీలో మాట్లాడింది, పై అంతస్తుల వాళ్ళందరికీ నచ్చజెప్పింది. వాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు, నెత్తిన బరువు దించుకోమంటే ఎవడు వద్దంటాడు? ఇకనుంచి గది సంగతి పేట సభే తేల్చుకుంటుందన్నారు.

ఆ రోజు ఇంట్లో పండగే. "చూశావా, మన గది మన చేతికొచ్చింది" అని అన్నయ్యని పట్టుకుని గిరగిరా తిప్పబోయింది. ఆయన తూలితే నేను పట్టుకున్నాను.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. గది పేట చేతికి రాగానే పేటకి ఆలోచనలొచ్చాయి. ఆ గదిలో పురుళ్ళు పోసే ఏర్పాటు పెడితే బాగుంటుంది కదా అన్నారు. పక్కింటి రొట్టెల కొట్టు ఆయన కోడలు పోయినేడు నొప్పులతో పెద్దాసుపత్రికి వెళ్తూ దారిలోనే బిడ్డని పోగొట్టుకుంది. ఆ కోడలి బట్టలు నేనే ఉతికాను. రెండింటికీ చోటు లేదు, నర్సు ఒక్కతే. మెషీన్లా, పురిటి గదా, ఏదో ఒకటి. సభ పెట్టి చేతులెత్తించాలని నిర్ణయం.

సభ నడిపించేది ఎవరు? ఇంకెవరు, మా ప్రపంచమే. చదువుకున్నది, పద్ధతి తెలిసింది, మాట తూలదు. అందరూ దాన్నే ఉండమన్నారు.

సభకి వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ మా ఇద్దరితో అంది: "అన్నయ్యా, వదినా, మీరు చెయ్యెత్తకూడదు. మనకి ఇందులో స్వప్రయోజనం ఉంది. ప్రయోజనం ఉన్నవాళ్ళు ఓటుకి దూరంగా ఉండాలి. నేను నడిపించేదాన్ని, నేనూ ఎత్తను. అప్పుడే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు."

"ప్రయోజనం కాదే, ప్రాణం" అన్నాను.

"అందుకే వదినా" అంది.

మా ఆయన నా వైపు చూసి, "పోనీలే, పిల్ల పరువు" అన్నారు. ఆయనకి చెల్లెలంటే అంత.

బడి హాల్లో సభ. చిన్నపిల్లల బెంచీలు, పెద్దవాళ్ళందరం మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చున్నాం. నర్సమ్మ మెషీన్ల గురించి చెప్పింది. రొట్టెల కొట్టాయన లేచి రెండు మాటలు చెప్పి మూడోది చెప్పలేక కూర్చుండిపోయాడు. ఆయన కోడలు తల దించుకుని ఉంది. ఆయన మీద నాకు కోపం రాలేదు. రాకపోవడమే నా మంట.

మెషీన్లు ఉండాలన్నవాళ్ళు చేతులెత్తారు. నా చెయ్యి ఒళ్ళో ఉంది. దాని మీద మా ఆయన చెయ్యి వేసి ఉంచారు. పురిటి గది కావాలన్నవాళ్ళు ఎత్తారు. రొట్టెల కొట్టాయన ఎత్తాడు, ఆయన భార్య ఎత్తింది, కొడుకు ఎత్తాడు, కోడలు ఎత్తింది. ఇది బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్క చెయ్యీ లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. పురిటి గదికి రెండు చేతులు ఎక్కువొచ్చాయి. ఆ మాట గట్టిగానే చదివింది.

చెయ్యెత్తనివాళ్ళం మేం ముగ్గురం.

ఇంటికొచ్చాక అడిగాను. "రొట్టెల కొట్టు వాళ్ళ నలుగురికీ స్వప్రయోజనం లేదా?"

"ఉంది. వాళ్ళకీ చెప్పాను, ఎత్తకూడదని."

"చెబితే?"

"నవ్వారు."

"అలాంటి నియమం పేట సభలో రాసుందా?"

"లేదు. కమిటీల్లో అలా చేస్తారు. మాకు క్లాసులో చెప్పారు" అంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇది రచ్చ గెలవడం కోసం ఇంటిని గోడ మీద పిల్లిలా కూర్చోబెట్టింది. చెంప పగలగొడదామన్నంత కోపమొచ్చింది. చెయ్యి లేవలేదు. ఆ పూట అసలు లేవాల్సినప్పుడు లేవని చెయ్యి, ఇప్పుడేం లేస్తుంది?

మర్నాటి నుంచి మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. దెబ్బలాటా లేదు. నగరం వాళ్ళు మెషీన్లని దుప్పట్లు చుట్టి లారీ ఎక్కిస్తుంటే మా ఆయన ఎదురు అరుగు మీద కూర్చుని చూశారు. నేను కాలర్లు కుట్టాను. ఇది యూనివర్సిటీకి వెళ్ళొచ్చింది. పెడితే తినేది, అడిగితే జవాబు చెప్పేది. ఒకసారి స్టవ్ మీద పాలు పొంగి నేల మీద పారుతుంటే పక్కనే నిలబడి చూస్తూ ఉంది. నేనే వచ్చి ఆపాను.

"ఏడిస్తే ఏడువు. లోపల పెట్టుకోకు" అన్నాను ఉండబట్టలేక.

"రావట్లేదు వదినా. మొద్దుబారిపోయింది. తిమ్మిరెక్కిన కాలులా ఉంది ఒళ్ళంతా."

పరిశోధన మాత్రం రాసేసింది. చివరి అధ్యాయంలో, నిర్ణయం పద్ధతి ప్రకారం, న్యాయంగా జరిగిందని రాసింది. ప్రొఫెసర్ తెగ మెచ్చుకున్నాడు, క్లాసులో అందరికీ చదివి వినిపించాడు. ఆ సంగతి కూడా, బయట వాన పడుతోంది అన్నట్టు చెప్పింది. "నువ్వు నమ్మే రాశావా?" అని అడిగితే, "తప్పెక్కడుందో వెతికాను. దొరకలేదు" అంది. పురిటి గదిలో అప్పటికే ఇద్దరు పిల్లలు పుట్టారు. నేనే చిన్న చొక్కాలు కుట్టిచ్చాను. డబ్బులు తీసుకోలేదు, నవ్వనూ లేదు.

మా ఆయన రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి వెళ్ళడం మొదలైంది. తోడు ఇదే వెళ్ళేది. వెళ్ళేటప్పుడు నిలబడే ప్రయాణం, వచ్చేటప్పుడు కళ్ళు తిరగడం, దారిలో వాంతి. ఇంటికొచ్చి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి గానీ లేచేవారు కాదు. లేచేసరికి మళ్ళీ వెళ్ళే రోజు వచ్చేసేది. గుండీలు కుట్టడం ఎప్పుడో మానేశారు. 'ప్రపంచం' అని పిలవడమూ మానేశారు. అమ్మడూ అనేవారు, చిన్నప్పటిలా.

ఒకరోజు పొద్దున్నే ఇది నీళ్ళ సీసా, దుప్పటి సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన మంచం దిగలేదు.

"ఇవాళ రాను అమ్మడూ. రేపూ రాను. ఇక చాలు."

నేను మిషను ఆపేశాను.

"కోపం కాదు, ఏం కాదు" అన్నారు. "అలసిపోయాను. నువ్వే అంటావుగా, దగ్గరున్నవాడే తేల్చుకోవాలని. నా ఒంటికి నాకంటే దగ్గరున్నవాడెవడే? నేను తేల్చుకున్నాను."

నవ్వుతూనే అన్నారు. ఎత్తిపొడుపు కాదది, నాకు తెలుసు. నిజంగానే అడుగుతున్నారు, చెల్లెలి చదువు మీద గౌరవంతో. వద్దనే హక్కు నాకుందా, ఆ నొప్పి నాదా? అలా నేను లెక్కలేసుకుంటూ ఉండిపోయాను. నాకూ అంటిందన్నమాట ఆ రోగం.

ఇది సంచి కింద పెట్టింది. మంచం దగ్గరికి వెళ్ళింది. కింద వెతికి ఆయన చెప్పులు తీసి, ఒక కాలికి తొడిగి, రెండో కాలు పట్టుకుంది.

"అమ్మడూ, చెప్పింది విను."

"వినను."

"నాది కాదుటే ప్రాణం?"

"నీ ఒక్కడిదీ కాదు. నాక్కావాలి నువ్వు. నా స్వార్థమే అనుకో." అప్పుడు చూశాను దాని మొహం. అన్ని నెలల నుంచీ బిగుసుకుపోయిన మొహం అష్టవంకర్లు తిరిగి, ముక్కు కారుతూ, చిన్నపిల్లలా ఏడుస్తోంది. ఏడుస్తూనే రెండో చెప్పు తొడిగింది. "వదినా, చూస్తావేం, ఆ చెయ్యి పట్టు!"

పట్టాను. ఇద్దరం కలిసి లేపాం. గుమ్మం దాటుతుంటే ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, దాని వైపు తిరిగారు.

"నా ఇష్టమేంటో నన్నొక్క మాట అడగవా?"

"అడగను" అంది.