అద్దెకు తెచ్చిన జట్టు

ఆత్మకూరు నుంచి సోమశిల పోయే దారిలో ఒక హైస్కూల్లో నేను పీఈటీని. విజిల్ కంటే మేడమ్ నోరే గట్టిదని పిల్లలు చాటుగా అనుకుంటారు. చాటుగా అనుకున్నా నాకు వినిపిస్తూనే ఉంటుంది. నిజమే కాబట్టి ఊరుకుంటాను.

ఎక్కడో చలిదేశపు ప్రభుత్వం పల్లెల్లో ఆడపిల్లల ఆటల కోసం సాయం చేస్తుందనీ, అది ఒక సంస్థ ద్వారా మా బడికీ వస్తుందనీ విన్నప్పుడు నేను నమ్మలేదు. మన కబడ్డీతో వాళ్ళకేం పని అనుకున్నాను. కానీ వచ్చింది. మ్యాట్లు వచ్చాయి, జెర్సీలు వచ్చాయి, సాయంత్రం ఆట అయ్యాక ఉడికించిన గుడ్లూ శనగలూ వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఆటో వచ్చింది.

ఆ ఆటో విలువ మా ఊళ్ళు తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. మా పిల్లల్లో సగంమంది చెరువుల పక్కన పల్లెల నుంచి, రిజర్వాయర్ దగ్గర చేపలు పట్టే ఇళ్ళ నుంచి వస్తారు. బడి వదలగానే వెళ్ళే బస్సు ఒక్కటే. ఆట కోసం ఆగితే ఆ బస్సు పోతుంది, చీకటి పడుతుంది. అంతకుముందు నేను ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను, పోట్లాడాను. ఎవరూ పంపలేదు. ఆటో పెట్టాక ఒక్కొక్కరే వచ్చారు. ఆటో ఆగితే నా జట్టు ఆగిపోతుంది. ఈ సంగతి నాకు తెలుసు, పిల్లలకు ఇంకా బాగా తెలుసు.

మొదటి ఏడాది అయిపోవస్తుండగా కబురొచ్చింది. ఆ దేశం నుంచి ఒకామె వచ్చి చూస్తుంది, చూశాకే సాయం కొనసాగించాలో ఆపాలో చెబుతుంది.

బడికి ఆటస్థలం ఇచ్చిన పెద్దాయనకు ఆత్మకూరులో వేరుశనక్కాయల మండీ ఉంది. మనిషి మంచివాడే. మంచి చేయాలని కంగారుపడటంలోనే ఆయనతో చిక్కు. ఆమె వచ్చే రోజు మధ్యాహ్నం ఆయన జీపులో ఆత్మకూరు కాలేజీ అమ్మాయిల్ని దించాడు. అందరూ జిల్లా స్థాయిలో ఆడినవాళ్ళు. మా వైపు తిరునాళ్ళ పోటీల్లో ఇది మామూలే. ప్రతి ఊరూ బయటినుంచి ఆటగాళ్ళను మాట్లాడుకుంటుంది, బిర్యానీ పెడుతుంది, తన ఊరి పేరుతో ఆడిస్తుంది. ఎంత గొప్పవాళ్ళను తెస్తే ఊరికి అంత పరువు. అందులో మోసముందని ఎవరికీ తోచదు.

"పెద్దాయనా, ఏంది ఇది?" అన్నాను. గొంతు లేచిందని నాకే తెలుస్తోంది.

"ఏందంటే ఏం చెప్పేదమ్మా? ఆమె విమానమెక్కి వచ్చినాది. ఓడిపోయే పిల్లోళ్ళను చూపిస్తే మన మర్యాద ఏం కావాల? మా వాళ్ళు ఎట్టా ఆడతారో చూడు. ఇంకా పదేళ్ళు సాయం చేస్తారు!"

"ఆమె చూడాలని వచ్చింది మన పిల్లల్ని!"

"వీళ్ళు మాత్రం పరాయోళ్ళా? ఆత్మకూరు ఎంత దూరం ఉండాది?"

వచ్చినామెతో నిజం చెబితే మోసం చేశామని సాయం ఆపేస్తారు. చెప్పకపోతే, ఎప్పుడో బయటపడి అప్పుడు ఆపేస్తారు. ఎటు చూసినా ఆటో పోయేటట్టే ఉంది.

మా పిల్లల జెర్సీలు విప్పించి ఆ అమ్మాయిలకు ఇచ్చారు. మా జట్టులో బాగా కూతకెళ్ళే పిల్ల సోమశిల దగ్గర చేపలు పట్టే ఆయన కూతురు. తన జెర్సీని మడిచి, మడత సరిగా రాలేదని మళ్ళీ మడిచి ఇచ్చి నా దగ్గరకొచ్చింది.

"మేడమ్, ఇంక మాకు ఆటో రాదా?"

"నోర్మూసుకుని కూర్చో" అన్నాను. కోపం ఆ పిల్ల మీద కాదు.

అయితే మమ్మల్ని కాపాడింది సోమశిల డ్యామే. వచ్చినామెను ముందు డ్యామ్ చూపించడానికి తీసుకెళ్ళారట. నీళ్ళు చూస్తూ ఆమె కదల్లేదట. ఎండ తగ్గింది, కారు రాలేదు. ఆత్మకూరు అమ్మాయిలు గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు.

"మాకు ఉదయగిరిలో మ్యాచ్ ఉండాది పెద్దయ్యా. ఈ బస్సు పోతే ఇంక లేదు" అంటూ వాళ్ళ కెప్టెన్ టీషర్టు మీద తొడుక్కున్న జెర్సీ తీసి ఆయన చేతిలో పెట్టింది. మిగతావాళ్ళూ తీసేశారు. అందరూ రోడ్డు మీదికి పరుగెత్తి ఉదయగిరి బస్సెక్కేశారు. ఆయన జెర్సీలన్నీ రెండు చేతులా పట్టుకుని, బట్టలంగడి గుమాస్తాలా మధ్యలో నిలబడిపోయాడు. నాకు నవ్వాగలేదు. పైకే నవ్వేశాను.

బస్సు మలుపు తిరిగిందో లేదో కారొచ్చింది. మా పిల్లలు జెర్సీలు తిరగామరగా వేసుకుంటూనే మ్యాట్ మీదికొచ్చారు. రెండు జట్లుగా చీలి ఆడారు. గీత తొక్కావంటే తొక్కలేదని కొట్లాడుకున్నారు. ఒకతి కూత మధ్యలో నవ్వొచ్చి దమ్ము వదిలేసింది. పెద్దాయన తువాలు మొహానికి కప్పుకున్నాడు. ఆమె మాత్రం చెప్పులు విడిచి మ్యాట్ పక్కన కింద కూర్చుని చూసింది.

ఆట అయ్యాక ఆమె అడిగింది ఒక్కటే. పిల్లలు ఇంటికెలా వెళ్తారు? ఆమె మాట తెలుగులో చెప్పడానికి నెల్లూరు నుంచి ఒక లెక్చరర్ వచ్చాడు. ఆటో చూపించాను. ఆమె వెళ్ళి పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. నేనూ, లెక్చరరూ డ్రైవర్‌కి చెరో పక్కన వేలాడుతూ వెళ్ళాం.

పల్లె మలుపులో కూతకెళ్ళే ఆ పిల్ల తండ్రి ఎప్పటిలాగే కూతురి కోసం నిలబడి ఉన్నాడు. ఆమె దిగి, లెక్చరర్ చేత అడిగించింది. "ఆటో లేకపోతే అమ్మాయిని ఆటకు పంపుతారా?"

"పంపను" అన్నాడాయన వెంటనే. "రోడ్డు మీద లైటు కూడా లేదు. ఆడపిల్లను ఎట్టా పంపేది?"

నా ప్రాణం ఉసూరుమంది. కాస్త మంచిగా చెప్పొచ్చుగదయ్యా అనుకున్నాను.

"ఆటో ఉంటే?"

"ఉంటే నాకేంది? ఆడుకోనీ. గెలిచినా ఓడినా ఇంటికొస్తాది గదా."

ఆమె తలూపింది. ఆ మొహంలో ఏమీ తెలియలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఫోన్ మోగితే చాలు, పరుగెత్తుకెళ్ళి తీసేదాన్ని.

చివరికి ఫోన్ చేసింది ఆ లెక్చరరే. సాయం కొనసాగుతుందన్నాడు. ఆటోలకు డబ్బెందుకని వాళ్ళ ఆఫీసులో అడిగితే, గెలిచినా ఓడినా ఇంటికొస్తాది గదా అన్న ఆ తండ్రి జవాబే ఆమె వాళ్ళకు చెప్పిందట. అన్నాళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు అప్పుడు దిగింది. పెద్దాయన మటుకు "నేను చెప్పలా, మన పిల్లోళ్ళు బంగారమని" అంటూ బడంతా మైసూర్‌పాక్ పంచాడు.

సాయంత్రం మ్యాట్ పరుస్తున్న ఆ పిల్లను పిలిచి చెప్పాను. గంతులేస్తుందనుకున్నాను. ఒంటిమీది జెర్సీ అంచు పట్టుకుని చూసుకుంది.

"అయితే మేడమ్, ఈ జెర్సీ ఇంక ఎవురికీ ఇయ్యాల్సిన పని లేదా?"

"లేదు. నీదే. ముందు పోయి ఉతుక్కో, కంపు కొడుతోంది" అన్నాను.