బడి గేటు దాటించిన దేవుడు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, కొన్ని నెలల పాటు మా ఇంట్లో మా అమ్మాయి నాతో అబద్ధం చెప్పింది, నేను మావారితో అబద్ధం చెప్పాను, ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ముగ్గురం ఇదే హాలుకు వచ్చి ఒకే బల్ల మీద కూర్చుని స్తుతి పాటలు పాడాము! మమ్మల్ని చూసి చక్కని కుటుంబం అని మీలో కొందరు అన్నారు కూడా. ఆ దినాల సంగతి ఇవాళ ఏదీ దాచకుండా చెప్పాలని నిలబడ్డాను. నేను మాట్లాడటం వచ్చినదాన్ని కాదు, తప్పులు దొర్లితే క్షమించండి.

నా పేరు కరుణమ్మ. మాది తెనాలి దగ్గర చిన్న పల్లె. మావారు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అసిస్టెంటు. తొంభై మూడు ఎండాకాలంలో విజయవాడ నుంచి ఢిల్లీకి బదిలీ అయింది, నేతాజీ నగర్‌లో క్వార్టర్ ఇచ్చారు. మాకు ఒక్కతే కూతురు, షారోను. అప్పటికి దానికి పదమూడేళ్ళు. విజయవాడలో ఏడో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివింది, క్లాసులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేది. ఇక్కడికి వచ్చి ఎనిమిదిలో చేరేసరికి లెక్కలు ఇంగ్లీషులో, సైన్సు ఇంగ్లీషులో, పక్కన కూర్చున్న పిల్లల మాటలన్నీ హిందీలో. ఎనిమిది ఎలాగో గట్టెక్కింది గానీ, తొమ్మిదికి వచ్చేసరికి ఇంట్లో కూడా నోరు విప్పడం తగ్గించింది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. ఆ, ఊఁ, ఠీక్ హై, అంతే.

స్కూలు వాళ్ళు నెలకోసారి తల్లిదండ్రులను రమ్మనేవారు. మావారు పొద్దున్నే ఆఫీసు బస్సు ఎక్కితే చీకటి పడ్డాకే రావడం, "చదువు సంగతి నువ్వు చూసుకో కరుణా" అని నాకు వదిలేశారు. షారోనేమో, "మత్ ఆనా మమ్మీ, ఆప్‌కో కుఛ్ సమఝ్ నహీ ఆయేగా" అనేది. రావద్దు, నీకేమీ అర్థం కాదు అని! కన్న కూతురు అలా అంటే ఏ తల్లికైనా మనసు చివుక్కుమంటుంది, నాకూ అనిపించింది. కానీ దేవుని ఎదుట నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ మాట విన్నప్పుడల్లా లోపల నాకు ఎంతో హాయిగా ఉండేది. హమ్మయ్య, వెళ్ళే పని తప్పింది అనుకునేదాన్ని.

ఎందుకంటే నాకు బడి అంటే భయం. ఏడో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మా మాస్టారు నన్ను లేపి పాఠం చదవమన్నారు. నాకు మాట తడబడింది, మళ్ళీ మళ్ళీ ఒకే అక్షరం దగ్గర ఆగిపోయాను. ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాక మాస్టారు నన్ను సాయంత్రం గంట కొట్టేదాకా బెంచీ మీద నిలబెట్టారు, అందరి ముందూ ఆ బెంచీ మీదే నా పరికిణీ తడిసిపోయింది. మర్నాటి నుంచి నేను బడికి వెళ్ళలేదు, ఇంట్లోనూ ఎవరూ వెళ్ళమనలేదు. పెళ్ళయి బిడ్డ పుట్టాక కూడా స్కూలు ప్రహరీగోడ కనబడితే నా అరచేతులు చెమట పట్టేవి. ఈ సంగతి మావారికి తెలియదు, మా అమ్మాయికీ తెలియదు.

తొమ్మిదో తరగతి సగంలో షారోను ఒక కాగితం తెచ్చి, "పిక్నిక్‌కి పర్మిషన్ మమ్మీ, సైన్ చెయ్" అంది. ఇంగ్లీషు నాకు చదవడం రాదు. తెలుగులో "కరుణమ్మ" అని సంతకం పెట్టాను. నెల తిరిగేసరికి ఇంకోటి, ఆ తరువాత ఇంకోటి. ఒక్క పిక్నిక్‌కు ఇన్ని కాగితాలా అని నాకు అనుమానం రాకపోలేదు, సహోదరులారా! వచ్చినా అడగలేదు. అడిగితే స్కూలుకు వెళ్ళాల్సి వస్తుందేమోనని. మావారు అన్నం తింటూ "బాగా చదువుతోందా?" అంటే "చదువుతోందండీ" అనేదాన్ని. ప్రతి బుధవారం స్త్రీల కూడికలో మాత్రం మోకాళ్ళ మీద ఉండి, "ప్రభువా, నా బిడ్డకు మంచి మార్కులు దయచేయి" అని కన్నీళ్ళతో ప్రార్థన చేసేదాన్ని.

డిసెంబరులో ఒక బుధవారం కూడిక మా ఇంట్లోనే జరిగింది. అందరూ వెళ్ళిపోయాక, ఆసుపత్రిలో నర్సుగా చేసే మన లీలమ్మగారు టీ తాగుతూ ఉండగా పోస్టులో ఒక కవరు వచ్చింది. స్కూలు ముద్ర చూసి చదవమని ఆమె చేతికిచ్చాను. ఆమె చదువుతూ చదువుతూ ఆగిపోయారు. వెనక పిన్ను గుచ్చిన పాత కాగితం నాకు చూపించి, "ఈ సంతకం నీదేనా కరుణా?" అన్నారు. నాదే! పిక్నిక్ కాగితం కాదు అది. లెక్కల్లోనూ సైన్సులోనూ మీ అమ్మాయి తప్పుతోంది, వచ్చి కలవండి అని రాసిన ఉత్తరం. అలాంటివి మూడు పంపారట. ఇప్పుడు వచ్చిన దాంట్లో, మీ అమ్మాయి హాఫ్ ఇయర్లీ లెక్కల పరీక్షకు అసలు రాలేదు, ఈ శుక్రవారం లోపు తల్లి గానీ తండ్రి గానీ రాకపోతే సంవత్సరం చివరి పరీక్షకు కూర్చోనివ్వము అని ఉంది.

పరీక్ష రోజు నేనే దానికి పెరుగన్నం పెట్టి, నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపించాను! స్కూలుకు వెళ్ళకపోతే ఇది ఎక్కడికి వెళ్ళినట్టు?

సాయంత్రం షారోను ఇంటికి రాగానే ఆ ఉత్తరం ముందు పెట్టాను. చదివి కింద పెట్టింది. తరువాత చెప్పింది, రింగ్ రోడ్డు చుట్టూ తిరిగే ముద్రికా బస్సు ఎక్కి, యూనిఫారంలోనే, పరీక్ష అయిపోయే వేళ వరకు కిటికీ పక్కన కూర్చుని తిరుగుతూ ఉందట. ఈ మహానగరంలో ఒంటరి ఆడపిల్ల!

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే ఏం చేస్తావు మమ్మీ? నువ్వు స్కూల్‌కి రావు కదా."

"నువ్వేగా రావద్దన్నావు!"

అప్పుడు ఏడ్చింది, ఎన్నాళ్ళ తరువాతో పూర్తిగా తెలుగులో మాట్లాడింది. "నేను రావద్దన్నాననుకో, ఆగిపోతావా? అందరి మమ్మీలూ వచ్చారు. రావద్దన్నా వస్తావేమోనని ప్రతిసారీ గేటు వైపు చూశాను."

సహోదరీలారా, ఏ ప్రసంగమూ నన్ను అంతగా గుచ్చలేదు. ఎనిమిదో తరగతిలో చేరిన కొత్తలో అది క్లాసులో "మేరా మమ్మీ ఆతా హై" అందట. మా అమ్మ వస్తాడు అన్నట్టుగా వినిపిస్తుంది కదా హిందీ వాళ్ళకు, క్లాసంతా నవ్వి, వారం రోజులు దాని వెనకే ఆ మాట అంటూ తిరిగారట. ఆ రోజు నుంచి క్లాసులో చెయ్యి ఎత్తడం మానేసింది, అర్థం కాకపోయినా అడగడం మానేసింది. బెంచీ మీద నిలబడ్డ నేనే నా కళ్ళ ముందు కూర్చున్నట్టు అనిపించింది.

ఆ రాత్రి మావారికి అంతా చెప్పేశాను, నా సంతకాలతో సహా. ఆయనకు కోపం వచ్చింది, చేతిలో కంచం పక్కకు తోసేశారు. కాసేపటికి తల వంచుకుని, "నేను మాత్రం ఏనాడు వెళ్ళాను కరుణా, దాని క్లాసు ఏ అంతస్తులో ఉందో కూడా నాకు తెలియదు" అన్నారు. పార్లమెంటు సమావేశాలు నడుస్తున్న రోజులు, ఆయనకు సెలవు దొరకదు. శుక్రవారం నేనే వెళ్ళాలి.

లీలమ్మగారు గురువారం వచ్చి నాతో మోకరించారు. ఆ రోజు నేను చేసిన ప్రార్థన నాకు మాటకు మాట గుర్తుంది. "తండ్రీ, ఏడాదిగా నిన్ను మార్కులు అడిగాను. నువ్వు నన్ను వెళ్ళమంటుంటే వినబడనట్టు ఉండి నిన్నే పనికి పురమాయించాను, నన్ను క్షమించు. ఇప్పుడు మార్కులు అడగను. నా కాళ్ళకు బలం ఇయ్యి. ఆ గేటు దాటించు. నోట మాట రాకపోయినా నా బిడ్డ పక్కన నిలబడనియ్యి." ఆమేన్ అన్నాక నేను ఇంకా కళ్ళు మూసుకునే ఉంటే లీలమ్మగారు నా భుజం తట్టి, "దేవుడు విన్నాడమ్మా, ఇక లేచి రేపటికి చీర ఇస్త్రీ చేసుకో" అన్నారు!

శుక్రవారం పొద్దున పొగమంచు. గేటు ముందుకు వెళ్ళేసరికి నిజంగా వెనక్కు రెండడుగులు వేశాను. షారోను చూస్తోంది. యేసయ్యా అని ఒక్క కేక లోపల వేసి అడుగు ముందుకు పెట్టాను. భయం పోయిందని చెప్పను, సహోదరులారా, భయం ఉండగానే ఆయన నన్ను నడిపించాడు! దేవునికి స్తోత్రం!

వాళ్ళ క్లాస్ టీచర్ మల్హోత్రా మేడమ్ పెద్దావిడ, కళ్ళజోడు పైనుంచి చూసి కూర్చోమంది. తనకు సెలవు దొరకలేదని మావారు రాసిచ్చిన ఉత్తరం బల్ల మీద పెట్టి, నాకు వచ్చిన హిందీలో "మై డర్ గయా థా మేడమ్" అన్నాను, భయపడిపోయాను అని. ఆడదాన్ని మగవాడిలా మాట్లాడాను. ఆమె నవ్వలేదు. దేనికి భయం అని అడిగింది. నేను తెలుగులో చెప్పసాగాను, ఇన్‌స్పెక్టరు, బెంచీ, పరికిణీ, అన్నీ. షారోను పక్కన నిలబడి హిందీలోకి మార్చి చెబుతూ, మధ్యలో ఆగిపోయి నా చెయ్యి పట్టుకుంది. దానికీ అదే మొదటిసారి వినడం.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆప్ ఆ గయీ, బస్. అబ్ దేఖేంగే" అంది. మీరు వచ్చారు, అది చాలు, ఇక చూద్దాం అని. నాకు ఇంగ్లీషు రాదు, పిల్లకు ఎలా సాయం చేయాలి అని అడిగితే, రోజూ ఒక గంట దాని పక్కన కూర్చోండి, ఆ రోజు క్లాసులో చెప్పింది మీకు తెలుగులో వివరించమనండి, మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే దానికి వచ్చినట్టే, నెలకోసారి వచ్చి నన్ను కలవండి అంది. లెక్కల టీచరును పిలిచి, ఈ పిల్ల ప్రశ్న అడిగితే ఎవరూ నవ్వకుండా చూడమని కూడా చెప్పింది.

అలా మొదలైంది. చలికాలం ఎండ పడే బాల్కనీలో చాప వేసుకుని, నేను బఠాణీలు ఒలుస్తూ ఉంటే షారోను చెప్పేది. మొక్కలు ఎండతో తిండి ఎలా చేసుకుంటాయో చెప్పింది. "ఎక్స్ అంటే తెలియని దానికి పెట్టిన పేరు మమ్మీ" అంటే, "తెలియకుండానే పేరెందుకు పెట్టారే?" అని నేను అడిగాను, అది నవ్వింది, ఆ తరువాత ఆలోచించింది, పుస్తకం తెరిచి మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది. నాకు అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపేదాన్ని కాదు, మళ్ళీ చెప్పమనేదాన్ని. శనివారాలు మావారు లెక్కలు చెప్పేవారు. ఆయన గొంతు లేచినప్పుడల్లా నేను మదర్ డైరీ పాల బూత్‌కు వెళ్ళి పెరుగు తెమ్మనేదాన్ని, ఆ నెలల్లో మా ఇంట్లో పెరుగుకు కొదవ లేదు!

అన్నీ సాఫీగా జరగలేదు. ఒక రోజు విసుగొచ్చి, "మన సంఘంలో అమ్మాయిలు ఎలా చదువుతున్నారో చూడు" అన్నాను. పుస్తకం మూసేసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే వెళ్ళి క్షమించమన్నాను. తల్లి బిడ్డను క్షమాపణ అడగడమేమిటి అనుకోకండి, ఆ తరువాతే అది తక్కువ మార్కులు వచ్చిన పేపర్లు కూడా నా ముందు పెట్టడం నేర్చుకుంది.

సంవత్సరం చివర సైన్సు పాసయింది, లెక్కలు తప్పింది. మళ్ళీ పరీక్ష పెట్టారు, ఈసారి పాసయి పదిలోకి వెళ్ళింది. పది బోర్డు పరీక్షలో సెకండ్ డివిజన్. ఫస్ట్ క్లాసు సాక్ష్యం చెబుతాననుకున్నారేమో, నా దగ్గర లేదు! ఇప్పుడు ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో బి.ఎ. మొదటి సంవత్సరం చదువుతోంది. సాయంత్రం ఇంటికి రాగానే "మమ్మీ, సునో", విను అని మొదలుపెట్టి, చరిత్ర పాఠాలు సగం హిందీ సగం తెలుగులో చెబుతుంది. ఏడో తరగతిలో ఆపేసిన నన్ను దేవుడు నా కూతురి చేత చదివిస్తున్నాడు. దేవునికే మహిమ!

తల్లిదండ్రులారా, మన పిల్లలు మనకన్నా ఎక్కువ భాషలు మాట్లాడుతున్నారు, అందుకని వాళ్ళకు మనతో పని లేదనుకోకండి. వద్దన్నా వెళ్ళండి. ఇంగ్లీషు రాకపోయినా వెళ్ళండి. టీచరు పేరు తెలుసుకోండి, వాళ్ళ పక్కన కూర్చోండి, మార్కులకన్నా ముందు వాళ్ళ మాట వినండి. ప్రార్థన మానకండి, ప్రార్థన అయ్యాక కూర్చుని ఉండిపోకండి. నాలాంటి పిరికిదాన్ని చెయ్యి పట్టుకుని నడిపించిన ప్రభువు మిమ్మల్ని విడిచిపెడతాడా? ఆయనను నమ్మండి.

ఈ ఆరాధన ముగిశాక నేను ఆ తలుపు దగ్గర ఉంటాను. స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం బీరువాలో దాచుకుని భయపడుతున్న తల్లి ఎవరైనా ఇక్కడ ఉంటే, నా దగ్గరకు రండి. ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం. సోమవారం పొద్దున నేను మీతో పాటు వస్తాను.