సుజన మండించిన ఇంజన్లు

బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో సుజన పదహారేళ్ళుగా ల్యాబ్ అసిస్టెంటు. చదివింది డిప్లొమా. రోజూ రేపల్లె నుంచి బస్సులో వస్తుంది. ఈ పదహారేళ్ళలో ఎంతమంది లెక్చరర్లు ఆమె దగ్గర మీటరు చూడటం నేర్చుకుని, నేర్చుకున్న మర్నాడే "ఏమ్మా, ఇలా రా" అని పిలిచారో! అందరికీ "వస్తున్నానండీ" అనేది. అదీ ఆమె మంచితనం. మంచితనం ఎక్కువైతే మనవాళ్ళు నెత్తికెక్కి కూర్చుంటారని వేరే చెప్పాలా?

కంప్యూటర్ ల్యాబులో అంతరిక్షయానం ఆట ఒకటి ఉంది. ఏరోనాటికల్ వాళ్ళు లైసెన్సు కొని, ఎవరూ ముట్టకుండా వదిలేశారు. సాయంత్రం బస్సు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక సుజన అది తెరిచింది. అందులో ఉత్తుత్తి కంపెనీలు కాంట్రాక్టులిస్తాయి. ఫలానా రాకెట్ ఇంజనును నేల మీద మండించి చూపించు, ఫలానాది పదకొండు వేల మీటర్ల ఎత్తున, ఇంత వేగం దాటకుండా మండించు అని. ఒక కాంట్రాక్టు ఆమెను నెల రోజులు ఏడిపించింది. ఎత్తు కుదిరితే వేగం మించిపోయేది, వేగం తగ్గిస్తే ఎత్తు అందేది కాదు. పందొమ్మిదిసార్లు పోయింది. ఇరవయ్యోసారి రాకెట్టుకి పనికిరాని బరువు ఇంత కట్టి పంపింది. ఆ బరువుకి అది నింపాదిగా ఎక్కి, సరిగ్గా ఆ ఎత్తులో, ఆ వేగంలో మండింది. తెర మీద పచ్చ టిక్కు పడగానే ఖాళీ ల్యాబులో లేచి నిలబడి "స్తోత్రం!" అని అరిచింది సుజన.

ఆ ఆటకున్న బుద్ధి మనుషులకు లేదు. కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు నువ్వు బీటెక్కా, డిప్లొమావా, ఎవరి తాలూకు అని అది అడగదు. ఇంజను మండిందా లేదా, అంతే.

సుజన తండ్రి సీమోను నిజాంపట్నం రేవులో పడవల డీజిలింజన్లు బాగుచేసేవాడు. రేవులో కట్టేసి ఒకసారి, లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి ఒకసారి ఆడించి చూడనిదే ఇంజను అప్పగించేవాడు కాదు. "రేవులో ఆడిందని మురిసిపోకే అమ్మాయ్, లోతులో ఆడాలి" అనేవాడు. రాకెట్ ఇంజనుదీ అదే గుణమని సుజనకు తెలిసిపోయింది. గాలి దట్టంగా ఉండే నేల దగ్గర దాని తోపుడు బలం ఒకటి, గాలి లేని పైన ఇంకొకటి. అందుకే నోటుబుక్కులో రెండు గడులు గీసి, ఒకదాని మీద 'రేవు' అనీ, రెండోదాని మీద 'లోతు' అనీ రాసుకుంది. ఎనిమిది నెలల్లో నూటపది టెస్టులు ఆ రెండు గడుల కింద చేరాయి.

అంతలో కాలేజీలో కొత్తగా సిమ్యులేషన్ ల్యాబ్ పెడుతున్నామన్నారు. తెనాలిలో జరిగే ఇంజనీరింగు కాలేజీల ప్రదర్శనకు ఎవరి పని ఎంపికైతే వాళ్ళే ఇన్‌చార్జి అని ప్రిన్సిపాల్ జ్ఞానానందం గారు స్టాఫ్ మీటింగులో అందరి ముందూ అన్నారు. పదహారేళ్ళలో మొదటిసారి సుజనకు ఒకటి కావాలనిపించింది. దరఖాస్తు పెట్టి, నోటుబుక్కు జతచేయబోయింది.

"ఒక్కసారి చూసిస్తాను మేడం" అని ఆ పుస్తకం తీసుకెళ్ళినవాడు అజయ్ బాబు. కొత్త లెక్చరరు, కరస్పాండెంటు గారి తోడల్లుడి కొడుకు. చూసిస్తానన్న మనిషి రెండు వారాలు ఉలకలేదు, పలకలేదు.

తెనాలిలో ప్రదర్శన రోజున కంప్యూటర్లు బిగించడానికి, మంచినీళ్ళ సీసాలు అందించడానికి రమ్మంటే సుజన వెళ్ళింది. గోడకు నిలువెత్తు పోస్టరు. తన నూటపది టెస్టులూ ఇంగ్లీషులో తళతళలాడుతున్నాయి. కింద పేరు: అజయ్ బాబు, ఎంటెక్. సొమ్మొకడిది, సోకొకడిది! అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. అప్పుడు గడుల పేర్లు చూసింది. 'రేవు' అన్నచోట 'రెవ్' అనీ, 'లోతు' అన్నచోట 'లోడ్' అనీ ఉంది. దొంగిలించినవాడికి చదవడం కూడా రాలేదు.

జడ్జిగా వచ్చిన బిందుమాధవి గారు రాకెట్ల మీద పనిచేసి రిటైరైన ఇంజనీరు. పోస్టరు ముందు ఆగారు.

"ఈ రెవ్ అంటే ఏంటండీ?"

"రెవల్యూషన్స్ మేడం. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో..." అన్నాడు అజయ్ బాబు.

"నిమిషానికి అరవై చుట్లా! మా ఇంట్లో ఫ్యాను నయం కదండీ. మరి ఈ లోడు రెండొందల యాభై దేని మీద?"

అజయ్ బాబు పోస్టరు వైపు తిరిగి అంకెలు వెతకసాగాడు. జ్ఞానానందం గారు సుజన పక్కకొచ్చి, "చెప్పమ్మా, కాలేజీ పరువు" అని గొణిగారు.

"అది రెవ్ కాదండి, రేవు. లోడు కాదు, లోతు. ఒకే ఇంజను తోపుడు బలం, రేవులో అంటే నేల దగ్గర అరవై, లోతులో అంటే గాలి లేని పైన రెండొందల యాభై" అంది సుజన. "మా నాన్న పడవ ఇంజన్లకు రాసుకునే లెక్క అండి. పుస్తకం నాది. టెస్టులు నావి."

ఆ తరవాత బిందుమాధవి గారు అరగంటసేపు అడిగిన ప్రతి ప్రశ్నా సుజననే అడిగారు. మొదటి బహుమతి వచ్చింది. సర్టిఫికెట్టు మీద పేరు మాత్రం ముందే అచ్చయిపోయింది. స్టేజీ ఎక్కి అందుకున్నదీ, ఫొటోకి నవ్విందీ అజయ్ బాబే. సిగ్గన్నా ఉండాలి కదా!

"పేరుదేముందమ్మా, కాలేజీకి వచ్చింది, చాలదూ?" అన్నారు జ్ఞానానందం గారు తిరుగు ప్రయాణంలో.

సోమవారం ఆఫీసుకు పిలిచి కాగితం చేతికిచ్చారు. సిమ్యులేషన్ ల్యాబ్ ఇన్‌చార్జి అజయ్ బాబు. సుజన ఆయనకు టెస్టులు నేర్పి, సహకరించవలెను.

"పైనుంచి వచ్చిందమ్మా, నా చేతుల్లో ఏం లేదు. అందినట్టు ఇక్కడ ఒక్క సంతకం పెట్టెయ్" అని పెన్ను అందించారు.

సుజన రెండుసార్లు చదివింది. పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"సంతకమంటే పేరే కదండీ సార్. పోస్టరు మీద వద్దన్నారు, సర్టిఫికెట్టు మీద వద్దన్నారు. దీని మీద మాత్రం నా పేరెందుకండీ?"