యాదమ్మ మరిచిపోని నంబరు

ఒరే భాస్కరా, పాత ల్యాండ్‌లైన్ తీసేసి కేబుల్ వాళ్ల ఫోను పెట్టించుకుంటే మారేది తీగ ఒక్కటే అన్నావు. మేనల్లుడివని నమ్మాను. నంబరు కూడా మారింది నాయనా.

కార్వాన్‌లో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలు యాదమ్మకు మతిమరుపు ముదిరింది. కొడుకుల పేర్లు తారుమారు చేస్తుంది కానీ, మా పాత నంబరు మాత్రం మరిచిపోలేదు. ఈమధ్య ఆమె ఫోన్ రావడం లేదని ఈ మధ్యాహ్నం నేనే చేశాను. కోడలు ఎత్తింది.

"అత్త రోజూ నీ పాత నంబరే కొడ్తదమ్మా. 'ఈ నంబరు లేదు' అని వస్తుంటే నువ్వు పోయినవనుకొని ఒక్కతీరుగ ఏడ్చింది" అంటూ ఫోను ఆమెకిచ్చింది.

"యాదీ, నేనే, సావిత్రిని. బతికే ఉన్ననే. బువ్వ తిన్నవా?" అన్నాను.

"ఎవరమ్మా నువ్వు, ఏంది గీ లొల్లి? మా సావిత్రి సచ్చిపోయింది. అయినా అది గింత ముద్దుగ మాట్లాడదు, తిడ్తది."

తిడదామనే నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి నాకు తిట్టు రాలేదు. ఆమె ఫోను పెట్టేసింది.

ఈ పోస్టు చదువుతున్న మీలో, చూడకుండా చెప్పగల నంబరు ఎవరికైనా ఒక్కటైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయకండి, ఆ మనిషికి ఫోన్ చేయండి.

భాస్కరా, రేపు పొద్దున్నే కేబుల్ ఆఫీసుకు వెళ్లి, మా పాత నంబరే ఈ లైనుకు ఇవ్వగలరేమో అడుగు. వచ్చేటప్పుడు ఆటో మాట్లాడుకొని రా, కార్వాన్ వెళ్లాలి.