కాలు తగిలితే

కృష్ణకుమారికి ఒకచోట కూర్చోవడం చేతకాదు. అమెరికాలోని ఫ్రీమాంట్‌లో ఆవిడనెరిగిన వాళ్ళెవరినడిగినా ముందు ఆ మాటే చెబుతారు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కదలకుండా కూర్చున్న మనిషి, రిటైరయ్యాక ఆ బాకీ అంతా కాళ్ళతో తీర్చుకుంటున్నట్టు తిరుగుతుంది. పొయ్యిమీద పాలు పెట్టి మొక్కలకు నీళ్ళు పొయ్యడానికి వెళుతుంది. నీళ్ళు సగంలో ఉండగా పక్కింటి బాలింతకు చారు ఇచ్చొద్దామని బయల్దేరుతుంది. ఈలోగా పాలు పొంగిపోతే భర్త భీమశంకరంగారు పొయ్యి కట్టేసి, గట్టు తుడిచి, ఆ సంగతి ఎత్తకుండా పేపరు చదువుకుంటారు.

ఓ ఉదయం అలాగే పార్కులో నడుస్తుంటే, చెట్ల కింద కొందరు చైనావాళ్ళు ఒంటికాలి మీద నిలబడి కనిపించారు. చూద్దామని ఆగింది. ముందున్నావిడ ఏమీ అడక్కుండా పక్కకు జరిగి చోటిచ్చింది. ఆవిడే లాయ్. అందరూ సిఫూ అంటారు, గురువని. జంతువుల్ని చూసి పెద్దలు కట్టిన కుంగ్‌ఫూ ఆవిడ నేర్పుతుంది. పులి మీదపడి చీలుస్తుంది. పాము మెలికలు తిరుగుతూ సందు దొరగ్గానే కాటేస్తుంది. కొంగ కదలకుండా నిలబడి, ఎదుటివాడు అందేంత దగ్గరకొచ్చాక కాలు లేపుతుంది.

"నాకు పులి నేర్పండి," అంది కృష్ణకుమారి.

"మీకు కొంగ," అంది సిఫూ. "నిలబడలేని వాళ్ళకి అదే మందు."

ఆ రోజు వంటింట్లో ఒంటికాలి మీద నిలబడ్డ భార్యని చూసి భీమశంకరంగారు, "కొంగజపం మొదలెట్టావా? చేపలుంటే దాచుకోవాలి," అన్నారు.

అలా ఏళ్ళు గడిచాయి. ఆవిడకి జోడీ ఫాంగ్‌గారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన, వయసులో ఆవిడకన్నా బాగా పెద్ద. ఆయన పాము, ఈవిడ కొంగ. గడ్డి తడిగా ఉంటే ఆవిడ విప్పిన స్వెట్టర్‌ని ఆయన తన సంచి మీద పెట్టేవారు. ఆయన కారం తినలేరని ఈవిడ మిరపకాయ వెయ్యకుండా పులిహోర చేసి పట్టుకెళ్ళేది.

చిక్కంతా ఒక్కటే. జోడీగా పోరాడేటప్పుడు కొంగ కాలు పాము తుంటికి తగలాలి. తగిలిన మరుక్షణం కృష్ణకుమారి చెయ్యి తనంతట తానే కిందికి దిగి, ఆయన్ని తాకి, కళ్ళకద్దుకునేది. ఈలోగా పాము వేళ్ళు ఆవిడ గొంతు దగ్గరుండేవి.

"చచ్చిపోయారు," అనేది సిఫూ. మళ్ళీ మొదలెడితే, "మళ్ళీ చచ్చిపోయారు."

"పెద్దవాళ్ళకి కాలు తగిలితే మా ఇళ్ళల్లో ఊరుకోరండీ. చిన్నప్పట్నించీ అలవాటు. కళ్ళకద్దుకోకపోతే నాకు లోపల ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది."

పార్కులో ఎవరికీ అది పెద్ద విషయం కాలేదు, చైనావాళ్ళ కొత్త సంవత్సరం దగ్గర పడేదాకా. కమ్యూనిటీ సెంటర్లో పండగ. ఫాంగ్‌గారు పాము-కొంగ చెయ్యాలి. ఆ మర్నాడే ఆయన శాక్రమెంటోలో కొడుకింటికి వెళ్ళిపోతున్నారు, ఇక తిరిగి రారు. ఇదే ఆఖరు.

సిఫూ కృష్ణకుమారిని పక్కకి పిలిచి మెల్లిగా చెప్పింది. "మీ అలవాటు తప్పనడం లేదు. కానీ అంతమంది ముందు సగంలో ఆగిపోతే చిన్నబోయేది ఆయన. మన క్లాసులో కుర్రాడు ధృవ్‌ని పెడదామా?"

ఫాంగ్‌గారికి ఆ మాట వినబడింది. "ఆ పిల్లాడి వేగం నా మోకాళ్ళు అందుకోలేవు. ఈవిడతోనే చేస్తాను. ఆగిపోతే ఆగిపోతుంది," అన్నారు.

ఆ మంచితనమే ఆవిడని నిలవనివ్వలేదు. ఆ వారమంతా ఇల్లు కాలిపోతున్నట్టు తిరిగింది. సోఫా మీది దిండుని నిలబెట్టి తన్నింది. చెయ్యి దిగింది. దిండుని తాకి కళ్ళకద్దుకుంది.

భీమశంకరంగారు పేపరు దించి చూశారు. "దిండుగారు క్షమించారటా?"

"నవ్వకండి. ఆయన పరువు నా చేతిలో ఉందండీ. పాడు చెయ్యి!"

ఆవిడ గొంతు విని ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "కృష్ణా, రోజూ మంచం దిగేముందు నేలని తాకి ఏమంటావు?"

"కాలు మోపుతున్నాను, క్షమించు తల్లీ అంటాను."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"ఆ పైన రాత్రిదాకా ఆ తల్లి మీదే గిరగిరా తిరుగుతావు. అడుగడుక్కీ వంగుతున్నావా?"

కృష్ణకుమారి తిరగడం ఆపి కూర్చుంది. ఆయన లేచి వెళ్ళి ఇద్దరికీ కాఫీ కలుపుకొచ్చారు.

పండగనాడు హాలు నిండింది. డప్పులు మోగుతున్నాయి. పోరాటానికి ముందు పిడికిలికి అరచెయ్యి ఆనించి జోడీకి నమస్కరించాలి. ఇన్నాళ్ళూ హడావిడిగా కానిచ్చేది. ఈసారి చేతులు దించకుండా ఆయన కళ్ళలోకి చూస్తూ తెలుగులోనే అంది, "ఇప్పుడు జరిగేదంతటికీ కలిపి క్షమించండి."

"ఏమన్నారు?" అని ఆయన నోట్లోనే అడిగారు.

"తన్నబోతున్నాను, ముందే సారీ అన్నాను."

"సరే. ఇక తన్నండి."

పాము కదిలింది. కొంగ రెక్కలు విప్పి నిలబడింది. అందేంత దగ్గరకొచ్చాక కాలు లేపింది. కంగారులో అది అనుకున్నదానికన్నా గట్టిగా పడింది. ఫాంగ్‌గారు ఒక అడుగు తూలారు. కృష్ణకుమారి చెయ్యి దిగబోయింది. దిగలేదు. ఆ తూలినదాన్నే ఆయన మెలికగా తిప్పి మీదికొచ్చారు. ఈవిడ తప్పించుకుంది. చివరి భంగిమ దాకా ఇద్దరూ ఆగలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తెర వెనక ఆయన తుంటి రుద్దుకుంటూ కుర్చీలో కూలబడ్డారు.

"నొప్పిగా ఉందా? అయ్యో, ఎంత గట్టిగా తగిలిందో!"

"ఇన్నేళ్ళకి ఒక్క తన్ను తన్నారు. రేపు మా మనవలకి చూపిస్తాను, కమిలి ఉంటుంది," అని ఆయన పకపకా నవ్వారు.

ఆవిడ ఇక ఆగలేక వంగి చెయ్యి చాపింది. ఫాంగ్‌గారు కూర్చునే కాళ్ళు పక్కకి లాగేసుకున్నారు, అచ్చం పాములా.

"ఊహూఁ. ముందే చెప్పారుగా. మళ్ళీ చెబితే ఆ తన్ను తిరిగి పట్టుకుపోయినట్టే. అది నాది."

కొడుకు వచ్చి కారు దగ్గరకి తీసుకెళుతుంటే ఆయన కొంచెం కుంటుతూ నడిచారు. కృష్ణకుమారి ఆయన సంచి మోసుకుంటూ తలుపు దాకా వెళ్ళింది. కారు మలుపు తిరిగేదాకా అక్కడే, ఆ కాలి మీదా ఈ కాలి మీదా నిలబడింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు భీమశంకరంగారు డ్రైవ్ చేస్తూ పక్కకి చూశారు. ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళో ఒక పట్టాన ఉండటం లేదు.

"ఏమైంది ఆ చేతికి?"

"ఏం లేదు. పోనివ్వండి," అని ఆవిడ దాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.