పారేసే ముందు సరిచూసుకోవడం

"అడిగితే విసుక్కున్నావు, అడక్కపోతే తిడుతున్నావు. నన్నేం చెయ్యమంటావక్కా?"

"నా ఫైలు నాకిచ్చెయ్యమంటాను. అంతే!"

మేడమీద నా గదికి పోవాలంటే వాళ్ళ వాకిలి ముందు నుంచే మెట్లెక్కాలి. పరాయివాళ్ళ గొడవ వినకూడదని నాకూ తెలుసు. చెప్పులు విప్పే నెపంతో మూడో మెట్టు మీద కూర్చుని మొత్తం విన్నాను.

గొడవపడుతున్నది కింది వాటా బాబాయి, ఆయన అక్క. బాబాయి రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. ఇంట్లో ఉప్పు డబ్బా నుంచి టార్చిలైటు దాకా అన్నిటికీ పేరూ తేదీ రాసి చీటీ అంటిస్తాడు కాబట్టి వీధిలో అందరికీ చీటీల బాబాయి. పదేళ్ళుగా ఇంటికొచ్చాక ఒక ప్రోగ్రాం రాస్తున్నాడు. దానికి బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద ఒక లైను టైపు చేస్తే ఫైలుకి తాళం పడుతుంది, పాస్‌వర్డు ఇస్తే తెరుచుకుంటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఆయన అక్కని నేను అత్తయ్యా అంటాను. రిటైరైన నర్సు. ముప్ఫయ్యేళ్ళు కాన్పుల వార్డులోనే గడిపింది. అక్కడ పరిచయమైన నలభై ఒక్కమంది ఆడవాళ్ళు, ఇంకెవరికీ చూపించనని ఆవిడ దగ్గర మాట తీసుకుని, తమ కథలు చెప్పుకున్నారు. అన్నీ ఒకే ఫైల్లో రాసుకుంది. దానికి తమ్ముడి ప్రోగ్రాంతో తాళం వేసి పెన్‌డ్రైవులో దాచబోతే, పెన్‌డ్రైవు మధ్యలోనే నిండిపోయింది. ప్రోగ్రాం పట్టినంత మేరకే రాసి, 'అయింది' అని చెప్పి, అసలు ఫైలు చెరిపేసింది. మళ్ళీ ఎవరూ లేపకుండా దాని మీద చెత్త రాసి మరీ చెరిపింది. ఆ పని మాత్రం పక్కాగా చేసింది. మిగిలిన ముక్కని తెరవమంటే 'పాడైంది, తెరవను' అంటోంది.

ఇదివరకు అది చెరిపే ముందు 'ఖాయమేనా?' అని అడిగేది. "మీ బావలాగే దీనికీ ప్రతిదానికీ అనుమానమే" అని అత్తయ్యే సణిగితే, పోయిన వెర్షన్లో బాబాయి ఆ ప్రశ్న పీకేశాడు.

"సరే, పాస్‌వర్డు చెప్పు. ఉన్నంతవరకూ నేను బయటికి లాగుతాను."

"చెప్పను. వాళ్ళు నాకు చెప్పుకున్నారు, నీకు కాదు."

"ఫైలు పోయినా ఫర్వాలేదా?"

"నువ్వు చదవడం కంటే పోవడమే నయం."

నేనైతే అక్కడే చేతులెత్తేసేవాణ్ణి. కాలేజీ విషయంలో రెండో ఏడాదే ఎత్తేశాను. బాబాయి మాత్రం, "నువ్వన్నదే రైటు" అన్నాడు.

మర్నాటి నుంచి ఎనిమిది సాయంత్రాలు నేను ఆయన వెనక కుర్చీలో కూర్చుని చూశాను. ఆ ప్రోగ్రాం ఫైలుని ముక్కలు ముక్కలుగా తాళం వేస్తుంది, ఒక్కో ముక్కకీ, అది పాడవలేదని చెప్పే ముద్ర విడిగా ఉంటుంది. ముద్ర చెదరని ముక్కల్ని మాత్రం తెరిచి వేరే ఫైల్లో రాసే కొత్త కమాండు చేర్చాడు. ఆ ఫైలు పేరు చివర 'అసంపూర్తి' అని దానంతటదే పడుతుంది. అక్కడా చీటీయే!

"ల్యాబులో రిపోర్టు మీద సంతకం పడేదాకా శాంపిల్ పారెయ్యంరా. పాతికేళ్ళుగా రోజూ చేసే పనే. ఇంట్లో రాసిన ప్రోగ్రాంకి ఆ బుద్ధి నేర్పలేదు చూడు," అన్నాడొక సాయంత్రం.

అదీ దిద్దాడు. ఇప్పుడది ముందు చోటుందో లేదో చూస్తుంది. తాళం వేసిన కాపీని తనే తెరిచి అసలుతో పోల్చుకుంటుంది. అక్షరం తేడా లేకపోతేనే అసలు ఫైలుని చెరుపుతుంది. ప్రశ్న మాత్రం తిరిగి పెట్టలేదు.

"అలవాటైన ప్రశ్నకి ఎవరైనా చదవకుండానే అవునంటారు. సరిచూసుకోవాల్సింది నేను, వాళ్ళు కాదు."

తొమ్మిదో రోజు అత్తయ్య వచ్చింది. బాబాయి కమాండుని కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చి, నన్ను వంటింట్లోకి లాక్కుపోయి తలుపేశాడు. సింకు దగ్గర నిలబడి కడిగిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ కడిగాడు.

"ఒరేయ్," అని అవతల్నుంచి అత్తయ్య గొంతు. "ఇరవై తొమ్మిది వచ్చాయిరా. ముప్ఫయ్యో ఆమెది సగంలో ఆగింది."

"మిగతావి?"

"లేవు. ఆ పదకొండుమందిలో ఏడుగురు ఇంకా ఫోనెత్తుతారు. వెళ్ళి మళ్ళీ చెప్పమంటాను. తిడితే నీ పేరు చెప్తా."

"చెప్పు. తప్పు నాదే."

ఆ మాట అక్కతో అని ఊరుకోలేదు. కొత్త వెర్షన్ మార్పుల జాబితాలో కొత్త కమాండు సంగతి కింద ఎక్కడో ఉంది. మొదటి లైను ఇది: 'పోయిన వెర్షన్ మీ ఫైలుని పోగొట్టవచ్చు. తప్పు నాది. వెంటనే మార్చుకోండి.' ఇలాంటి తప్పుని 'కొన్ని మెరుగుదలలు' అని రాసి చేతులు దులుపుకునేవాళ్ళనే నేను ఇన్నాళ్ళూ చూశాను.

ఆ వెర్షన్ బయటికి పంపిన సాయంత్రం నేను మెట్లెక్కబోతుంటే బాబాయి పిలిచి, చేతిలో మూడు పెన్‌డ్రైవులు పెట్టాడు. ఒక్కోదానికీ చీటీ: 'నిండింది', 'నిండబోతోంది', 'పాడైంది'.

"నేను నా ప్రోగ్రాంని పువ్వులా వాడతానురా. అందుకే నా చేతిలో ఎప్పుడూ చెడదు. ఇక నుంచి ఏ వెర్షనైనా ముందు నీకిచ్చాకే బయటికి పంపుతాను. మధ్యలో పెన్‌డ్రైవు పీకెయ్, ప్లగ్గు లాగెయ్, ఏమైనా చెయ్. కాలేజీని ఎంత శ్రద్ధగా తగలేశావో దీన్నీ అంత శ్రద్ధగా తగలెయ్యాలి. చేసిపెడతావా?"