అమ్మ కాళ్ళకు నేల పరిచిన మేస్త్రిగారు

మా ఇంటికి టైల్స్ వేసిన మేస్త్రిగారు పోయారు. పొద్దున్నే ఆయన కూతురు ఫోన్ చేసి, "నాన్నగారు నిద్దట్లోనే వెళ్ళిపోయారండీ" అని చెప్పింది. పక్కనే కాఫీ తాగుతున్న అమ్మకి ఆ మాట చెప్పాను. అమ్మ గ్లాసు కింద పెట్టేసి, "ఇంక నేలకేమన్నా అయితే ఎవరిని పిలుస్తామే?" అంది. అంటూనే ఏడ్చేసింది.

అమ్మకి నీటికాసుల వల్ల చూపు దాదాపు పోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. అయినా ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగేది. అదెలాగో కూతుర్నై ఉండీ నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇల్లు బాగు చేయించడం గురించి మాత్రం ఏడాదంతా ఆలోచించాను. ఈ పిచ్చి పట్టినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది. ఫోన్ నిండా ఫొటోలే. ఇల్లంతా ఒకే రంగు, నీళ్ళలా మెరిసే పెద్ద పెద్ద టైల్స్, అతుకు కనపడకూడదు, గదికీ గదికీ మధ్య గడప ఉండకూడదు. రాజమండ్రి షోరూముల్లో నాలుగు రోజులు తిరిగి మరీ ఎంచుకున్నాను.

మేస్త్రిగారు ఆ ఫొటోలన్నీ శ్రద్ధగా చూశారు. "బాగున్నాయండి. వీటిల్లో మనుషులు లేరేంటండీ?" అన్నారు. నేను నవ్వేశాను.

ఆయనకి చెప్పులు గేటు బయటే విడిచే అలవాటు. ఇల్లంతా తవ్విపోసి రాళ్ళతో నిండి ఉన్నా సరే. వేసిన ప్రతి టైలునీ రబ్బరు సుత్తితో తట్టి, తల వంచి, కళ్ళు మూసుకుని వినేవారు. ఎక్కడైనా డొల్ల పలికితే మారు మాట్లాడకుండా పీకించేవారు. ఆ మధ్యాహ్నాలు నాకిప్పటికీ కలలో చూసినట్టే గుర్తున్నాయి. గోదారి గాలి, తడి సిమెంటు వాసన, ఏ గదిలోంచో ఒకే తీరుగా ఆ చప్పుడు. నాకు కూర్చున్నచోటే కునుకు పట్టేసేది.

హాలూ వంటిల్లూ పూర్తయిన రోజున అమ్మ తన గదిలోంచి వచ్చింది. పాత నేల ఇలా అంతటా ఒకేలా ఉండేది కాదు. హాలుకి ఎర్రసిమెంటు, వంటింటికి నాపరాళ్ళు, అమ్మ గదికి మొజాయిక్. ఇప్పుడు హాల్లో నాలుగడుగులు వేసి ఆగిపోయింది. చేతులు ముందుకు చాపింది.

"అమ్మాయ్, నేనెక్కడున్నానే?"

సొంత ఇంట్లో, ఇన్నేళ్ళుగా నడిచిన చోట అడిగింది ఆ మాట. నేను లేచేలోపే మేస్త్రిగారు వెళ్ళి, "హాలు మధ్యలో ఉన్నారండి, ఇదిగో నా భుజం పట్టుకోండి" అన్నారు. అమ్మని కూర్చోబెట్టి నా దగ్గరకొచ్చారు.

"పొరపాటు చేశానండి. ముందే అమ్మగారి నడక చూడాల్సింది. వంటింట్లోది పీకేద్దామండి."

నాకు ఒళ్ళు మండింది. "పీకేయడమేంటండీ? చూడండి, ఎంత బాగుందో!"

"చూడకండి అమ్మాయిగారూ. కళ్ళు మూసుకుని వంటింట్లోకి రండొకసారి."

పంతానికి పోయి నడిచాను. వచ్చేశాననుకుని కళ్ళు తెరిస్తే దేవుడిగది గుమ్మంలో ఉన్నాను. ఆయన నవ్వలేదు. "నేలని చూసుకునేది కాళ్ళండి" అన్నారు మెల్లగా.

మర్నాడు అమ్మని ఇల్లంతా నడవమని, రెండడుగుల వెనక తనూ నడిచారు. ఇద్దరూ చెప్పుల్లేకుండా, మాటల్లేకుండా. ఆ తర్వాత వంటింటికి గరుకు టైల్స్ వచ్చాయి. ప్రతి గుమ్మం ముందూ బెత్తెడు రాతిపట్టీ వచ్చింది. అమ్మ గదికి చెక్కలా కనిపించే టైల్స్ వేశారు, వాటి మీది గీతలు మంచం దగ్గర్నుంచి బాత్రూం గుమ్మం దాకా సాగేలా. మ్యాచింగ్ పోయిందని షోరూమువాళ్ళు మొహం చిట్లించారు. అమ్మ మాత్రం మూడోరోజుకే వంటింట్లోకి వెళ్ళి తన కాఫీ తనే కలుపుకుంది. ఆ రోజు ఆయనకి నేను ఒక్క మంచిమాటైనా చెప్పలేదు. నేను ఏరికోరి తెచ్చుకున్నవి పీకించారని ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

పెద్దకార్యం రోజున అమ్మ పట్టుబట్టి నాతో వాళ్ళింటికి వచ్చింది. ధవళేశ్వరంలో చిన్న డాబా. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. హాలు నేలంతా టైలు ముక్కలే. ఆయన పని చేసిన ఇళ్ళల్లో మిగిలినవన్నీ తెచ్చి, నున్నవీ గరుకువీ, ఎర్రవీ తెల్లవీ పక్కపక్కనే పరుచుకున్నారు. ఏ రెండూ ఒకలా లేవు.

అమ్మకి చెబుదామని తిరిగేసరికి తను అప్పటికే లోపలికి అడుగు పెట్టింది. ఒక్కో ముక్క మీదా పాదం ఆనించి, ఆగి, మళ్ళీ ఇంకో దాని మీదకి. నేను చెయ్యి అందిస్తే వద్దంది.

"ఎన్ని ఇళ్ళే ఇక్కడ!" అంది.

కింద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. అమ్మ ఆ ఇళ్ళన్నిటి మీదుగా, అగరొత్తుల వాసన వస్తున్న వైపు, ఒక్కతే మెల్లగా నడిచి వెళ్ళింది.